దెబ్బలు తిన్నవాడికీ ఒక మాట ఉంటుంది

— తృతీయ సంవత్సరం బి.యస్సి. విద్యార్థి

సావనీరుకు ఏదైనా రాయమని మన యూనియన్ సాహిత్య కార్యదర్శి నెల రోజులుగా నా వెంట పడుతున్నాడు. "సైన్సు వాడివి కదా, ఏ అంతరిక్షం గురించో, అణుశక్తి గురించో నాలుగు పేజీలు రాసి పడెయ్యవోయ్" అన్నాడు. వాటి మీద రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. నేను ఒక ఆటగాడి గురించి రాయదలచుకున్నాను. అతను ఆడిన ఆట మనలో ఎవరమూ ఆడలేదు, ఆడబోము కూడా. మంచు మీద ఆడే హాకీ అది. మే నెలలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని తిరిగే మనకు మంచు హాకీ ఎందుకని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కాకపోతే చివరిదాకా చదివి నవ్వమని నా మనవి.

మా పక్క ఊరి అన్నయ్య ఒకాయన, ఈ కళాశాల పూర్వ విద్యార్థే, అమెరికాలో బఫెలో అనే పట్టణంలో పై చదువు చదువుతున్నాడు. బఫెలో అంటే మాకు గేదే కాబట్టి, "గేదె ఊళ్లో ఎలా ఉన్నావన్నా?" అని ఫోనులో వేళాకోళం చేస్తుంటాను. ఒకరోజు అతను, "ఇక్కడ హాకీ మ్యాచికి వ్యాఖ్యానం చెప్పే ఒకాయన ఉన్నాడురా, పేరు రాబ్ రే. ఆటను అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడు. అదే జట్టులో పధ్నాలుగేళ్లపాటు ఆయన పని ఏమిటో తెలుసా? తన్నులాడటం" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత వెతికి చదివాను, పాత ఆటల దృశ్యాలు చూశాను. అప్పటినుంచి ఆ మనిషి నా బుర్రలోంచి పోవడం లేదు.

ముందు ఆట సంగతి చెబుతాను. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు గచ్చు. ఒక్కో జట్టుకు గోలు కాసేవాడు కాక అయిదుగురు. బంతి ఉండదు. దాని బదులు మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. దాన్ని పక్ అంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాల ఆట. కాళ్లకు ఇనప అంచుల బూట్లు కట్టుకుని పందెపు గిత్తల్లా పరుగెత్తుతారు. ఒకరినొకరు ఢీకొట్టడం ఆటలో భాగమే.

మనకు వింతగా తోచేది దీని తర్వాత సంగతి. ఉత్తర అమెరికాలోని పెద్ద లీగులో, అంటే ఎన్.హెచ్.ఎల్.లో, ఇద్దరు ఆటగాళ్లు చేతి తొడుగులు పారేసి పిడికిళ్లతో కలబడితే వాళ్లను ఆటలోంచి తరిమెయ్యరు. చెరో అయిదు నిమిషాలు శిక్షపెట్టెలో కూర్చోబెడతారు. అయిదు నిమిషాలయ్యాక మళ్లీ వచ్చి ఆడుకోవచ్చు. 1922 నుంచీ ఇదే పద్ధతి. ఈ వెసులుబాటు ఉండబట్టే ప్రతి జట్టూ ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టుకునేది. తమ మంచి ఆటగాడి మీద ఎవడైనా చెయ్యి చేసుకుంటే వాడి సంగతి చూడటం ఇతని పని. ఆ మనిషిని ఎన్‌ఫోర్సర్ అంటారు. గోలు కొట్టకపోయినా ఎవరూ అడగరు. మ్యాచిలో నాలుగైదు నిమిషాలు ఆడితే గొప్ప. బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూస్తుండటమే ఎక్కువ.

మహా ఆటగాడు వేన్ గ్రెట్స్కీని 1988లో ఎడ్మంటన్ జట్టు లాస్ ఏంజిలిస్ జట్టుకు ఇచ్చేసినప్పుడు, అతనితోపాటు మార్టీ మెక్‌సోర్లీ అనే ఎన్‌ఫోర్సర్‌ను కూడా పంపవలసి వచ్చింది. గ్రెట్స్కీయే అతన్ని కావాలని కోరాడు. దాన్నిబట్టి ఈ ఉద్యోగానికి ఎంత విలువ ఉండేదో ఊహించుకోండి.

రాబ్ రే 1968లో పుట్టాడు. కెనడాలో ఆంటారియో రాష్ట్రంలోని స్టిర్లింగ్ అనే చిన్న ఊరి మనిషి. 1988లో బఫెలో సేబర్స్ జట్టు అతన్ని ఎంచుకుంది. 1989-90 నుంచి 2003 దాకా ఆ జట్టులోనే ఉన్నాడు. ఆఖరున కొద్దికాలం ఆటవా జట్టుకు ఆడి 2003-04తో ఆట చాలించాడు. మొత్తం 900 మ్యాచిలు. గోళ్లు 41. శిక్షా నిమిషాలు 3,207.

ఈ లెక్కను నేను కాగితం మీద వేసి చూశాను. 3,207 నిమిషాలంటే 53 గంటల పైచిలుకు. రెండు పగళ్లు, రెండు రాత్రులు, ఆపైన ఇంకో అయిదున్నర గంటలు. గోలు చూస్తే సుమారు 22 మ్యాచిలకు ఒకటి. మార్కుల జాబితా మాత్రమే చూసేవాడికి ఈ మనిషి తప్పినవాడిగానే కనబడతాడు. కాని అంతటి పోటీ ఉన్న లీగులో 900 మ్యాచిలు ఆడనిచ్చారంటే, మార్కుల్లోకి రాని పని ఏదో అతను చేస్తున్నాడన్న మాట.

పైగా అతను తెలివితక్కువగా తన్నులాడినవాడు కాడు. ఈ కొట్లాటల్లో అసలు కిటుకు ఎదుటివాడి చొక్కా పట్టుకోవడంలో ఉంది. మంచు మీద కాలు నిలవదు కదా. ఎడమచేత్తో చొక్కా పట్టుకుని తల వంచేలా లాగి కుడిచేత్తో కొడతారు. రే ఏం చేసేవాడంటే, చొక్కాను వదులుగా ఉంచి, పట్టుకోగానే తలమీదుగా జారిపోయేలా చూసుకునేవాడు. ఎదుటివాడి చేతిలో ఉత్త గుడ్డ మిగిలేది. రే ఒంటిమీద పట్టు దొరికేది కాదు. చివరకు 1990లలో లీగువారు చొక్కాను వెనకనుంచి పట్టీతో లాగుకు కట్టుకుని తీరాలని, కట్టుకోకుండా కొట్లాడి చొక్కా ఊడితే ఆటనుంచి బయటకేనని నిబంధన పెట్టారు. దాన్ని ఈనాటికీ జనం రాబ్ రే నిబంధన అనే పిలుస్తారు. ఘర్షణ సూత్రాలు మనం పుస్తకంలో చదువుకున్నాం, అతను ఒంటిమీద చదువుకున్నాడు. 1999లో అదే మనిషికి కింగ్ క్లాన్సీ ట్రోఫీ వచ్చింది. అది గోళ్లకు ఇచ్చేది కాదు. నాయకత్వానికి, ఊరి జనానికి చేసిన సేవకు ఇచ్చేది.

ఆట మానేశాక రే మైకు పట్టుకున్నాడు. సేబర్స్ మ్యాచిల ప్రసారంలో చేరాడు. ఆ జట్టుకు రిక్ జానరెట్ అనే ప్రఖ్యాత వ్యాఖ్యాత ఉండేవాడు. 1971 నుంచి 2022 దాకా అర్ధ శతాబ్దంపాటు ఆ ఊరికి ఆయన గొంతే హాకీ. అటువంటి మహానుభావుడి పక్కన రే విశ్లేషకుడయ్యాడు. జానరెట్ 2023లో కన్నుమూశాడు. రే మాత్రం ఆ తర్వాత కూడా మైకు వదల్లేదు.

విశ్లేషకుడి పని వేరు. ఏం జరుగుతోందో చెప్పేవాడు ఒకడు, ఎందుకు జరిగిందో చెప్పేవాడు ఇతను. పైన గదిలో కూర్చుని కాకుండా, రెండు జట్ల బెంచీల మధ్య మంచుకు ఆనుకుని నిలబడి రే ఎన్నో మ్యాచిలకు మాట్లాడాడు. ఆ చోటు అతనికి కొత్తా? పధ్నాలుగేళ్లు ఆ బెంచీ మీద కూర్చుని ఆటను చూసిందే చూశాడు. ఎవరు అలసిపోయారు, ఎవడికి కోపం వచ్చింది, ఎవడు భయపడుతున్నాడు, మరుక్షణం ఏం జరగబోతోంది, ఇవన్నీ కనిపెట్టడమే కదా అప్పట్లో అతని ఉద్యోగం! గోళ్లు కొట్టేవాడికి గోలు కనబడుతుంది. కాపలా కాసేవాడికి మైదానమంతా కనబడుతుంది. ఆ చూపు అతనికి మైకుతో వచ్చింది కాదు, మొదటినుంచీ ఉన్నదే. అంతకు ముందు అతన్ని ఎవరూ మాట అడగలేదు, పిడికిలే అడిగారు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. దీన్ని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మాది కాలువ శివారు భూమి. పై ఊళ్లవాళ్లు తడుపుకోగా మిగిలిన నీళ్లే మాకు. దాళ్వా రోజుల్లో నీటి వంతు రాత్రి రెండింటికి వస్తే ఆ వేళకే వెళ్లాలి. వెళ్లేసరికి తూము దగ్గర ఎవరో అడ్డం వేసి ఉంటారు. అప్పుడు మా వీధి మొత్తానికి ముందు నడిచేవాడు మా బాబాయి. మా నాన్న నెమ్మదస్తుడు, లెక్కలు చూసేవాడు. బాబాయి చేతిలో పార పట్టుకుని గట్టు మీద నిలబడితే సగం తగువు అక్కడితో తీరిపోయేది. తీరని రోజున కలబడేవాడు. మా నాలుగెకరాలకే కాదు, మా బోదె కింద ఉన్న ముప్ఫై ఇళ్లకూ నీళ్లు ఆయన వల్లే వచ్చాయి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి పార కర్రతో ఆయన తలమీద దెబ్బ పడింది. ఎవరు కొట్టారన్నది ఇప్పుడు అనవసరం. వాళ్లకూ పొలం ఎండిపోతోంది. ఆ రోజునుంచి బాబాయికి ఎడమ చెవి వినపడదు. అప్పుడప్పుడు మాట మధ్యలో ఆగి, ఏం చెబుతున్నాడో మరిచిపోతాడు.

ఆ ఏడు పంట బాగానే వచ్చింది. ఆ డబ్బులో కొంత నా హాస్టలు చదువుకు వచ్చింది.

మన హాస్టలు గదిలో ఒక రాత్రి ఈ హాకీ సంగతి చెబితే నా మిత్రుడొకడు, "బాగానే ఉందిగా! తన్నులాడి డబ్బు సంపాదించాడు, తర్వాత మైకు పట్టుకుని పేరూ సంపాదించాడు. కథ సుఖాంతం. నీ ఏడుపేమిట్రా?" అన్నాడు.

నేను సైన్సు విద్యార్థిని. ఒక్క ప్రయోగం బాగా వచ్చిందని సిద్ధాంతం రాసెయ్యకూడదని మా లెక్చరర్లు మూడేళ్లుగా నెత్తిన మొట్టి చెబుతున్నారు. రే ఒక్కడు. మిగతావాళ్ల సంగతి చూడొద్దా?

2011 ఒక్క వేసవిలో ఈ పని చేసిన ముగ్గురు పోయారు. మే నెలలో డెరెక్ బూగార్డ్, 28 ఏళ్లు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. నొప్పిమాత్రలు, మద్యం కలిసి ప్రాణం తీశాయి. ఆగస్టులో రిక్ రిపియన్, 27 ఏళ్లు. అదే నెల ఆఖరి రోజున వేడ్ బెలాక్, 35 ఏళ్లు. ఈ మూడో మనిషి గురించి చదివినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు. అతను ఆ ఏడాదే ఆట మానేశాడు. నాష్‌విల్ జట్టు ప్రసారాల్లో వ్యాఖ్యాతగా చేరవలసి ఉంది. మైకు అతని కోసం సిద్ధంగా ఉంది, పట్టుకోవడానికి అతను లేడు.

బూగార్డ్ మెదడును బోస్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరీక్షించారు. తలకు మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే ఒక జబ్బు ఉంది. దాని పేరు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి. టౌ అనే ప్రోటీను మెదడు కణాల్లో ముద్దలుగా పేరుకుపోతుంది. మతిమరుపు, దిగులు, ఆగని కోపం వస్తాయి. 28 ఏళ్ల కుర్రవాడి మెదడులో ఆ జబ్బు కనబడింది. 2010లో 45 ఏళ్లకే గుండె ఆగి పోయిన బాబ్ ప్రోబర్ట్ మెదడులోనూ అదే. మనిషి బతికుండగా ఈ జబ్బును రూఢిగా తేల్చే పరీక్ష నేటికీ లేదు. పోయాక చూడవలసిందే.

2023లో కొలంబియా విశ్వవిద్యాలయం వైద్యులు 1967 నుంచి ఆ లీగులో ఆడినవాళ్ల వివరాలు తీసి, ఎక్కువగా కొట్లాడిన 331 మందిని, అంతేమంది ఇతర ఆటగాళ్లతో పోల్చి చూశారు. మరణాల సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. తేడా వయసులో వచ్చింది. కొట్లాడినవాళ్లు సగటున పదేళ్లు ముందుగా పోయారు, అదీ నలభైల్లోనే. మత్తుమందులు, ఆత్మహత్య, కారు ప్రమాదం, మెదడు జబ్బు వంటి కారణాలు వాళ్లవైపే ఎక్కువ.

"వాళ్లను ఎవరైనా బలవంతం చేశారా? డబ్బు తీసుకున్నారు, దెబ్బలు తిన్నారు" అని నా మిత్రుడే మళ్లీ అడిగాడు. ఇది కొట్టిపారెయ్యవలసిన మాట కాదు. బలవంతం చెయ్యలేదు నిజమే. కాని ఆ ఒక్క దారిలోనే లోపలికి రానిస్తామని చెప్పిన తర్వాత, ఆ దారిన వచ్చినవాడిని చూపించి వాడి ఇష్టం అనడం న్యాయమేనా? ఈ కొట్లాటను టిక్కెట్టు కొని లేచి నిలబడి చప్పట్లు కొట్టి చూసినవాళ్ల వాటా ఎంత? మా బాబాయిని కూడా ఎవరూ బలవంతం చెయ్యలేదు. "నువ్వు ముందుండు, నీ వెనక మేమున్నాం" అన్నారు. వెనక ఉండటం అంటే వెనకే ఉండటం అని ఆయనకు తర్వాత తెలిసింది.

కనుక మైకు దొరికిన ఒక్కడిని చూపించి ఆ పనిని మెచ్చుకోకూడదన్నది నా అభిప్రాయం. జట్టుకు మైకులు ఒకటో రెండో, తన్నులు తిన్నవాళ్లు ఎందరో. మరి రే వంటివాడి నుంచి నేర్చుకోవలసింది ఏమీ లేదా అంటే, ఉంది. వాడిని మాట్లాడనిస్తే ఆటకే మేలు.

క్రిస్ నైలన్ సంగతే చూడండి. బోస్టన్ మనిషి, ఎక్కువకాలం మాంట్రియల్ జట్టుకు ఆడాడు. 1986లో స్టాన్లీ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. అతని ఖాతాలోనూ 3,043 శిక్షా నిమిషాలున్నాయి. ఆట అయిపోయాక ఒంటికి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, నొప్పిమాత్రల అలవాటు, అక్కడనుంచి హెరాయిన్. చావు అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. 2010లలో అదే మాంట్రియల్‌లో రేడియోలో మాట్లాడాడు. తన వ్యసనం సంగతి దాచకుండా చెప్పుకున్నాడు.

అయితే ఇటువంటివాళ్లు నోరు విప్పితే అందరికీ నచ్చదు. 2011 అక్టోబరులో కెనడా టెలివిజన్‌లో డాన్ చెర్రీ అనే పేరుమోసిన వ్యాఖ్యాత, నైలన్‌ను, మరో ఇద్దరు పాత ఎన్‌ఫోర్సర్లను పట్టుకుని, మీరు కొట్లాటలతో బతికి ఇప్పుడు కొట్లాటలనే తప్పుపడతారా అని పరుషంగా తిట్టాడు. ఆ ముగ్గురూ ఊరుకోలేదు. పది రోజులు తిరక్కుండా చెర్రీ అదే తెర మీద క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. పిడికిలి ఎత్తినన్నాళ్లు వీరుడన్నారు, నోరెత్తగానే ద్రోహి అన్నారు. తిన్న దెబ్బ గురించి మాట్లాడే హక్కు తిన్నవాడికి కాక ఎవరికి ఉంటుంది?

ఆట ఇప్పుడు కొంత మారింది. తగువు మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష 1992లోనే తెచ్చారు. వేగం పెరిగి, తన్నులాట తప్ప ఆట రానివాడికి జట్టులో చోటు కరువైంది. కొట్లాటలు 2000ల నాటితో చూస్తే సగానికి తగ్గాయి. ఆట చచ్చిపోలేదు. కాపలా లేకపోతే మంచి ఆటగాళ్లను బతకనివ్వరన్న వాదన ఏమైంది మరి?

మిత్రులారా, ఇది దూరదేశపు సంగతని వదిలెయ్యకండి. మన హాస్టలులోనూ ఒక్కో బ్లాకుకు ఒక్కో గట్టివాడు ఉన్నాడు. మెస్సు దగ్గర గొడవైతే, పక్క బ్లాకుతో మాటామాటా వస్తే, "వాణ్ని పిలవండిరా" అంటాం. వస్తాడు, కలబడతాడు. తర్వాత విచారణకు పిలిస్తే అతనొక్కడే నిలబడతాడు. మనం పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటాం. అతనికి అటెండెన్సు పోతుంది, పరీక్ష పోతుంది. పదేళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమావేశంలో అతని కథలు చెప్పుకుని నవ్వుకుంటాం. ఆ సమావేశంలో అతను ఉంటాడా అని ఒక్కసారి ఆలోచించండి. ఇక్కడి లెక్చరర్లకు కూడా నా మనవి ఒకటే. విచారణలో వాడిని "ఎందుకు కొట్టావు?" అని అడగండి, తప్పులేదు. "నిన్ను ఎవరు పిలిచారు?" అని కూడా అడగండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా నీటి సంఘం సమావేశం జరిగింది. బోదె ఎక్కడ పూడికతీయాలి, తూము ఎక్కడ మార్చాలి అని గంటన్నర మాట్లాడుకున్నారు. బాబాయి అరుగు చివర కూర్చున్నాడు, వినిపించే చెవి ఇటు తిప్పి. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పాతికేళ్లు రాత్రిళ్లు ఆ గట్టుమీద తిరిగిన మనిషి. నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ గండి పడుతుందో చీకట్లో కాలితో తడిమి చెప్పగలడు. నాకు రాబ్ రే గుర్తొచ్చాడు. లేచి, "బాబాయ్, నువ్వు చెప్పు. పూడిక ఎక్కడుంది?" అని గట్టిగా అడిగాను. చిన్నవాడినని ఒకరిద్దరు చిరాకుపడ్డారు.

బాబాయి ముందు తడబడ్డాడు. మధ్యలో ఒకసారి ఆగిపోయాడు కూడా. నేను అందించాను. తర్వాత పది నిమిషాలు చెప్పాడు. రెండో తూముకు ఎగువన చింతచెట్టు దగ్గర అడుగున రాయి ఉందని, అది తియ్యకుండా ఎంత పూడిక తీసినా దండగేనని. ఎవరూ అడ్డు రాలేదు. మా నాన్న దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు.

రాయి తీశారా లేదా అన్నది ఇంకా తెలియదు. వేసవిలో కాలువ కట్టేశాకగాని పని మొదలు కాదు. కాని వచ్చేవారం సమావేశానికి బాబాయిని పిలిచారని అమ్మ ఫోనులో చెప్పింది.